చిక్కు జుట్టులో లేదు

(బాలికల హాస్టళ్ళలో, శిక్షణ కేంద్రాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల రెండు రోజుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ గృహహింస చట్టం గురించి, ఒంటరి స్త్రీల పింఛన్ల గురించి, భూమి పట్టాల గురించి మాట్లాడుకున్నాం. భోజనాలయ్యాక అందరికీ నిద్ర వచ్చే వేళ నాకిచ్చారు. ఏం మాట్లాడతావని నిర్వాహకులు అడిగితే "జుట్టు గురించి" అన్నాను. ఒకామె నవ్వింది. ఇంకొకామె, నాకు పాత స్నేహితురాలే, "ఏంటక్కా, ఇంతమందిని ఇంత దూరం రప్పించింది తల దువ్వుకోవడం నేర్పడానికా?" అంది. నాకు కోపం రాలేదు. ఇరవై ఏళ్ళ కిందటైతే నేనూ అదే మాట అనేదాన్ని.

కానీ మీలో సగం మంది ఆడపిల్లల హాస్టళ్ళలో పనిచేస్తున్నారు. మిగతా సగంలో చాలామంది కుట్టు శిక్షణ, బ్యూటీషియన్ శిక్షణ కేంద్రాలు నడుపుతున్నారు. రోజూ పదుల మంది ఆడపిల్లల తలలు మీ చేతుల కిందికి వస్తాయి. అందులో గిరజాల జుట్టు, నొక్కుల జుట్టు, ఎంత దువ్వినా రేగిపోయే జుట్టు ఉన్న పిల్లలు ప్రతి గదిలోనూ నలుగురైదుగురు ఉంటారు. నేను మాట్లాడేది ఆ పిల్లల గురించి. వాళ్ళలో ఒక పిల్లకి నేను చేసిన అన్యాయం గురించి కూడా.

ముందు నా సంగతి చెప్తాను. నా జుట్టు మీకు కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు తెల్లబడింది కాబట్టి కాస్త మర్యాదగా చూస్తున్నారు గానీ, చిన్నప్పుడు దీనికి పెట్టని పేరు లేదు. పిచ్చుక గూడు, కొబ్బరి పీచు, తుమ్మకంప. "దీని తల్లో దువ్వెన పెడితే మళ్ళీ దొరకదు" అనేది మా నాన్నమ్మ. ఆదివారం తలంటు అంటే నాకు భయం. కుంకుడుకాయ పులుసు కళ్ళలో పడటం ఒక బాధ. తల ఆరాక అమ్మ సన్నపళ్ళ దువ్వెన తీసుకుని మాడు దగ్గర్నుంచి కిందికి లాగడం అసలు బాధ. నేను ఏడ్చేదాన్ని, ఆమె విసుక్కునేది. ఆముదం పట్టించి, రెండు జడలు బిగించి, మడిచి రిబ్బన్లు కడితే నా కనుబొమ్మలు పైకి లేచేవి. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నుదుటి చుట్టూ మళ్ళీ రేగి ఉండేది. "అదీ నా మాట వినదు, నువ్వూ వినవు" అనేది అమ్మ.

పెళ్ళీడు వచ్చాక ఫొటో స్టూడియోకి తల తడి ఆరకుండానే తీసుకెళ్ళారు. తడిగా ఉంటే అణిగి ఉంటుంది కదా. పెళ్ళిచూపుల నాడు సవరం పెట్టి జడ అల్లారు. అబ్బాయి మేనత్త వెనక నుంచి వచ్చి జడ చేతిలోకి తీసుకుని, "సవరమా అమ్మాయ్?" అని అడిగింది. ఆ సంబంధం కుదరలేదు. జుట్టు వల్లేనని ఎవరూ అనలేదు. కానీ రెండు నెలలు మా ఇంట్లో నా జుట్టు గురించే మాట్లాడుకున్నారు. తర్వాత నేను సంఘంలో చేరాను. వరకట్నం మీద ఉపన్యాసాలు ఇచ్చాను. స్త్రీ శరీరం మీద స్త్రీకే హక్కు అని పోస్టర్లు రాశాను. అలాంటి రోజుల్లో కూడా అద్దం ముందు నిలబడితే మా నాన్నమ్మ మాటే వినిపించేది. ఇంటినుంచి బయటికి వెళ్ళే ముందు నీళ్ళు చల్లి, నూనె రాసి, బిగించి ముడి వేసుకునేదాన్ని. సమావేశాలకు ఆలస్యమయ్యేది. ఎందుకు ఆలస్యమైందో ఎవరికీ చెప్పలేదు.

ఇది మనసులో పెట్టుకుని తర్వాత సంగతి వినండి.

2003లో నేను పాలమూరు జిల్లాలో, బడి మానేసిన ఆడపిల్లల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన క్యాంపుకి బాధ్యురాలిని. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి పోయే పిల్లల్ని తీసుకొచ్చి, చదువు చెప్పి, వాళ్ళ వయసుకు తగిన తరగతిలో చేర్పించడం మా పని. అరవై మంది పిల్లలు, ఒకటే బోరు, అందులో ఉప్పు నీళ్ళు. వేసవిలో మనిషికి రోజుకు రెండు బకెట్లు. పిల్లల తలల్లో పేలు పడ్డాయి. ఆ వారంలోనే నిధులిచ్చే సంస్థ వాళ్ళు చూడటానికి వస్తున్నారు. పిల్లలు శుభ్రంగా కనపడాలి. నేను ఊళ్ళోంచి క్షవరం చేసేతన్ని పిలిపించి, ఎనిమిది మంది పిల్లల జుట్టు పొట్టిగా కత్తిరించమన్నాను.

ఆ ఎనిమిది మందిని నేనే ఎంచాను. ఎవరి జుట్టు లొంగదో వాళ్ళని ఎంచాను. సాఫీ జుట్టున్న పిల్లల తలల్లోనూ పేలున్నాయి. వాళ్ళకి దువ్వెన ఇచ్చాం. గిరజాల జుట్టున్న పిల్లలకి కత్తెర పెట్టాం. ఆ ఎనిమిది మందిలో ఆరుగురు దళిత, లంబాడా పిల్లలు. ఆ రోజు నాకది తట్టలేదు. తర్వాత రిజిస్టరు తిరగేస్తుంటే తెలిసింది.

వాళ్ళలో ఒక పిల్లకి పదకొండేళ్ళు. పేరు చెప్పను. కత్తిరిస్తున్నంతసేపూ ఏడవలేదు, నోరెత్తలేదు. మూడో రోజు తెల్లవారేసరికి లేదు. పద్నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికి పోయింది. నేను వాళ్ళ ఊరు వెళ్ళేసరికి పిల్ల చేనుకి పోయి ఉంది. వాళ్ళ నాయనమ్మ మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టింది, నీళ్ళిచ్చింది. నేను పేల గురించి, ఆరోగ్యం గురించి ఏదో చెప్పాను. ఆమె అంతా విని, "జుట్టు పోతె మళ్ళొస్తది మేడం. గొడ్డును పట్టుకున్నట్టు పట్టుకుని, అడగకుంట కోసిన్రు గదా. గదే దాని మనసుల వడ్డది" అంది.

ఆ పిల్ల మళ్ళీ క్యాంపుకి రాలేదు. చదువుకోలేదు.

ఆ మాట నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. చిన్నప్పుడు అంత బాధపడ్డ నేనే ఆ పని ఎలా చేయగలిగాను? ఎందుకంటే ఆ జుట్టు తప్పుడు జుట్టు అని నేను కూడా నమ్మాను. నా జుట్టుని నేను ఎలా చూశానో ఆ పిల్ల జుట్టునీ అలాగే చూశాను. ఆ తర్వాతే అసలు జుట్టంటే ఏమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీకు సులువుగా చెప్తాను, ఎందుకంటే మన అజ్ఞానం మనకంటే పిల్లలకే ఎక్కువ నష్టం చేస్తోంది.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. మన గోళ్ళలో ఉండేది కూడా అదే. చర్మం లోపల వెంట్రుక మొలిచే కుదురు నిటారుగా, గుండ్రంగా ఉంటే వెంట్రుక సాఫీగా వస్తుంది. కుదురు వంపు తిరిగి ఉంటే వెంట్రుక కూడా మెలికలు తిరిగి వస్తుంది. ఇది పుట్టుకతో వచ్చేది. నూనె రాయకపోవడం వల్ల రాదు, అశుభ్రత వల్ల రాదు, తల్లి పెంపకంలో లోపం వల్ల రాదు.

మాడు నుంచి సహజంగా ఊరే జిడ్డు సాఫీ వెంట్రుక మీద సులువుగా కిందికి జారుతుంది. మెలికల వెంట్రుక మీద జారలేదు. అందుకే గిరజాల జుట్టు కొసలు ఎప్పుడూ పొడిగా ఉంటాయి. పొడి వెంట్రుక గాలిలో తేమని పీల్చుకుని ఉబ్బుతుంది. తేమ తగిలితే వెంట్రుక లోపలి కొన్ని బంధాలు తెగి మళ్ళీ వేరే చోట కలుస్తాయి. వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్ళలో జుట్టు రేగిపోవడానికి కారణం ఇదే. ఆరిన గిరజాల జుట్టుని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వితే ఒక్కచోట చుట్టుకుని ఉన్న వెంట్రుకలన్నీ విడివడి పీచులా లేస్తాయి. అంటే మా అమ్మ ప్రతి ఆదివారం నా జుట్టుని అణచాలని చేసిన పనే దాన్ని ఇంకా రేపింది. ఆమె తప్పు కాదు. ఆమెకి తెలిసిన దువ్వెన అదొక్కటే.

ఒక జాగ్రత్త చెప్పాలి. పుట్టుకతో గిరజాలుగా ఉండటం వేరు, ఉన్నట్టుండి జుట్టు ఎండిపోయి, ఎర్రబడి, తేలిగ్గా ఊడిరావడం వేరు. చిన్నపిల్లల్లో అది ప్రోటీన్ లోపానికి గుర్తు కావచ్చు. పెద్ద పిల్లల్లో రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. అలాంటప్పుడు పిల్లకి కావలసింది నూనె కాదు. గుడ్డు, పప్పు, రక్తపరీక్ష.

ఇక చేతల సంగతి. ఆ తర్వాత క్యాంపులో మేం ఏం చేశామో చెప్తాను. ఖర్చు చాలా తక్కువ.

మొదట, సన్నపళ్ళ దువ్వెనలతో పాటు పళ్ళు దూరంగా ఉన్న పెద్ద దువ్వెనలు కొన్నాం. గిరజాల జుట్టుని తడిగా ఉన్నప్పుడే, నూనె గానీ జారుడు పదార్థం గానీ రాసి దువ్వాలి. కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. మాడు దగ్గర మొదలుపెడితే చిక్కులన్నీ కిందికి జారి ముద్ద కడతాయి. అసలు దువ్వెన లేకుండా వేళ్ళతోనే విడదీయవచ్చు. ఆరాక మళ్ళీ దువ్వకూడదు.

రెండు, రోజూ తలస్నానం అక్కర్లేదు. వారానికి ఒకసారి, చెమట ఎక్కువైతే రెండుసార్లు చాలు. కుంకుడుకాయ జిడ్డుని బాగా లాగేస్తుంది. అందుకే పులుసు పలచగా తీసి మాడుకి పట్టించాలి, కొసలకి కాదు. తలంటుకి ముందు కొబ్బరినూనె రాయాలి. మన అమ్మమ్మలు చేసిన ఈ పని మంచిదేనని 2003లో మన దేశ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన కూడా చెప్పింది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, ప్రోటీన్ పోకుండా కాస్త ఆపుతుంది. వాళ్ళు పోల్చి చూసిన పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు.

మూడు, మన బోర్లలో వచ్చే ఉప్పు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అవి వెంట్రుక మీద పేరుకుని గరుకు చేస్తాయి. ఆఖరి చెంబు మాత్రం వాన నీళ్ళో, తాగే నీళ్ళో పోసుకోగలిగితే తేడా తెలుస్తుంది. మేం వానాకాలంలో చూరు కింద డ్రమ్ములు పెట్టాం.

నాలుగు, జారుడు కోసం మందారాకు నలిపి తీసిన జిగురు, లేదా రెండు చెంచాల అవిసె గింజలు గ్లాసున్నర నీళ్ళలో మరిగించి, వేడిగా ఉన్నప్పుడే పలచటి గుడ్డలో వడగట్టిన జిగురు వాడాం. తడి జుట్టుకి రాసి, గుప్పెట్లో పైకి నొక్కి వదిలితే గిరజాలు గిరజాలుగానే ఆరతాయి. అవిసె జిగురు రెండు మూడు రోజుల్లో పాడవుతుంది, ఎక్కువ చేసి పెట్టవద్దు. గరుకు తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు చీర ముక్కతో అద్దాలి. రాత్రి రెండు వదులు జడలు వేసుకుని, తలగడ మీద పాత సిల్కు గుడ్డ పరుచుకుంటే పొద్దున్న చిక్కు తక్కువ.

ఐదు, పేలు. పేలకి శుభ్రమైన తలా మాసిన తలా ఒకటే. తల కత్తిరించనక్కర్లేదు. తడి జుట్టుకి బాగా నూనె రాసి, పెద్ద దువ్వెనతో చిక్కు తీశాక, పాయలు పాయలుగా విడదీసి పేల దువ్వెనతో దువ్వాలి. మూడు నాలుగు రోజులకొకసారి, రెండు మూడు వారాలు చేయాలి. పెర్మెత్రిన్ ఒక శాతం మందు కూడా దొరుకుతుంది. అది వాడితే తొమ్మిది పది రోజులకి మళ్ళీ ఒకసారి వాడాలి, ఎందుకంటే ఈళ్ళు ఆ లోగా పొదుగుతాయి. గదిలో పిల్లలందరికీ ఒకేసారి చేయాలి.

ఆదివారం పొద్దున్న ఒక పెద్ద పిల్ల, ఒక చిన్న పిల్ల జతగా కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ గంటలో పిల్లలు ఎన్ని సంగతులు చెప్పుకునేవారో! ఇంట్లో తాగి కొట్టే నాన్న సంగతి, మేస్త్రీ చేయి పట్టుకున్న సంగతి మాకు తెలిసింది కౌన్సెలింగ్ గదిలో కాదు, ఆ అరుగు మీద.

ఇంత సులువైన పనిని మనం ఎందుకు చేయం? జుట్టున్నమ్మ ఏ కొప్పు వేసినా అందమే అని సామెత. ఆ జుట్టు సాఫీగా ఉండాలని సామెతలో లేదు. మన మనసులో ఉంది. నల్లటి, నిడుపాటి, జారుడు జడే ఆడతనం అనుకుంటాం. సినిమాలూ ప్రకటనలూ అదే చూపిస్తాయి. పెళ్ళి సంబంధాల్లో రంగుతో పాటు జుట్టునీ తూకం వేస్తారు. రేగిన జుట్టు అంటే కోపిష్టి, గయ్యాళి, దయ్యం పట్టినది. ఇందులో కులం కూడా ఉంది. పెద్ద కులం పిల్లకి ఉంటే "పాపం, ఉంగరాల జుట్టు" అంటారు. దళిత పిల్లకి ఉంటే "తలకి నూనె మొహం ఎరగరు వీళ్ళు" అంటారు. జుట్టు ఒకటే. ఒకచోట అది జాలి, ఇంకోచోట అశుభ్రతకి సాక్ష్యం.

ఈ సిగ్గు మీదే పెద్ద వ్యాపారం నడుస్తోంది. బ్యూటీషియన్ శిక్షణ ఇచ్చే మిత్రులు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. రీబాండింగ్‌లో థయోగ్లైకొలేట్ అనే రసాయనంతో వెంట్రుక లోపలి గట్టి బంధాలు తెంచి, ఇస్త్రీ చేసినట్టు చేసి, మళ్ళీ బంధాలు అతికిస్తారు. కొన్ని విదేశీ క్రీముల్లో అయితే కాస్టిక్ సోడాయే ఉంటుంది. "కెరటిన్ ట్రీట్‌మెంట్" పేరుతో చేసే వాటిలో చాలా రకాలు వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతాయి. ఇది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. సెలూన్లలో పనిచేసే వాళ్ళకి దీనివల్ల ప్రమాదమని అమెరికా కార్మిక భద్రతా విభాగం 2011లో హెచ్చరిక ఇచ్చింది.

2022లో అమెరికాలో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. 33,497 మంది స్త్రీలను సుమారు పదకొండేళ్ళు గమనించారు. జుట్టు సాఫీ చేసే రసాయనాలు ఎన్నడూ వాడని వాళ్ళలో 70 ఏళ్ళ లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, తరచుగా వాడిన వాళ్ళలో 4.05 శాతం అని అంచనా వేశారు. ఇది సంబంధాన్ని చూపించింది, కారణాన్ని రుజువు చేయలేదు. కానీ నిర్లక్ష్యం చేయదగ్గ అంకె కాదు. ఫార్మాల్డిహైడ్‌కి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లం కూడా భద్రం కాదు. 2020, 2021, 2022లలో మూడుసార్లు ఇలా జుట్టు సాఫీ చేయించుకున్న 26 ఏళ్ళ యువతికి మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్న సంగతిని 2024లో ఫ్రాన్స్ డాక్టర్లు వైద్య పత్రికలో ప్రచురించారు.

చేయించుకునే ఆమె ఏడాదికి ఒకటి రెండుసార్లు పీలుస్తుంది. చేసే అమ్మాయి? కిటికీ లేని, ఏసీ గదిలో రోజంతా పీలుస్తుంది. ఆ అమ్మాయికి స్వయం ఉపాధి పేరుతో ఆ పని నేర్పింది మనమే. చేతికి తొడుగు, గదికి గాలి, సీసా మీద ఏముందో చదవడం నేర్పామా? గిరజాల జుట్టుని ఉన్నదున్నట్టు కత్తిరించడం, అలంకరించడం ఒక విద్య అని మన పాఠ్యక్రమంలో ఉందా?

ఈ పోరాటం మన ఒక్కరిదే కాదు. దీన్ని మనకంటే చాలా ముందు నుంచి చేస్తున్నది నల్లజాతి స్త్రీలు. 1786లో లూసియానాలో స్పానిష్ గవర్నరు, నల్లజాతి స్త్రీలు తమ జుట్టుని ఆభరణాలతో అలంకరించుకోకూడదని, గుడ్డతో కప్పుకోవాలని ఆజ్ఞ జారీచేశాడు. వాళ్ళు ఆ గుడ్డలనే రంగురంగులుగా, అందంగా చుట్టుకున్నారు. 1970లో ఏంజెలా డేవిస్ కోసం అమెరికా పోలీసులు వెతుకుతున్నప్పుడు ఆమె ఫొటో ఊరూరా అతికించారు. అలాంటి గిరజాల జుట్టున్న ఎంతోమంది నల్లజాతి స్త్రీలను ఆ రోజుల్లో ఆపి వేధించారని తర్వాత ఆమే రాసింది. 2016లో దక్షిణాఫ్రికాలో ప్రిటోరియాలోని ఒక బాలికల పాఠశాలలో, తమ సహజమైన జుట్టుని అణచుకోమన్న నియమాలకు వ్యతిరేకంగా పిల్లలే నిరసన చేశారు. ప్రభుత్వం జోక్యం చేసుకుని ఆ నియమాలను నిలిపివేయించింది.

అదే 2016లో అమెరికాలో ఒక అప్పీలు కోర్టు ఇంకోలా చెప్పింది. తన జడలు తీసేయననందుకు ఒక నల్లజాతి స్త్రీకి ఇచ్చిన ఉద్యోగం వెనక్కి తీసుకున్న కేసది. కేశాలంకరణ మార్చుకోగలిగినది, కాబట్టి ఇది జాతి వివక్ష కాదు అంది కోర్టు. మార్చుకోగలవు కదా, మార్చుకో! ఈ మాట మనకు కొత్తా? చివరికి 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం, జుట్టు తీరుని బట్టి బడిలో గానీ ఉద్యోగంలో గానీ వివక్ష చూపడం జాతి వివక్షే అని చట్టం చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి.

వాళ్ళకీ మనకీ మధ్య ఇంకో ముడి ఉంది. తిరుమల కల్యాణకట్టలో మన ఆడవాళ్ళు మొక్కుకుని ఇచ్చిన తలనీలాలు వేలంలో కోట్ల రూపాయలకు అమ్ముడుపోతాయి. అలా మన గుళ్ళ నుంచి పోయిన జుట్టు విగ్గులుగా, సవరాలుగా మారి దేశాలు దాటుతుంది. కొనేవాళ్ళలో తన సహజమైన జుట్టు ఉద్యోగానికి పనికిరాదని చెప్పించుకున్న నల్లజాతి స్త్రీలు కూడా ఉన్నారు. ఇక్కడ భక్తితో ఇచ్చిన జుట్టు అక్కడ ఒక స్త్రీ తన తలను దాచుకోవడానికి పనికొస్తోంది. మధ్యలో లాభం ఎవరిదో మీరే ఆలోచించండి.

మన దగ్గర జుట్టు తీరు మీద ప్రత్యేక చట్టం లేదు. కానీ చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్ల ఇష్టం లేకుండా జుట్టు కత్తిరించడం, తోటి పిల్లల ముందు తల గురించి హేళన చేయడం ఈ రెంటి కిందికీ వస్తాయని నా ఉద్దేశం. హాస్టళ్ళలో ఇలా కత్తిరించిన వార్తలు పేపర్లలో వచ్చినప్పుడు మనం ఖండిస్తూ ప్రకటనలిస్తాం. ముందు మన సొంత నియమాలు చూసుకుందాం. ఈ నాలుగు పనులు మీరు తిరిగి వెళ్ళాక చేయమని అడుగుతున్నాను.

ఒకటి: పిల్లని అడగకుండా ఎవరి జుట్టుకీ కత్తెర పెట్టవద్దు. పేలైనా, తనిఖీ అయినా. రెండు: "నూనె రాసి బిగించిన రెండు జడలు" అన్న నియమం ఉంటే, దాన్ని "శుభ్రంగా ఉన్న జుట్టు, పిల్లకి వీలైన రీతిలో" అని మార్చండి. మూడు: హాస్టలు సామాన్ల జాబితాలో పెద్దపళ్ళ దువ్వెన చేర్చండి. ఇంత చిన్న విషయమా అనుకోకండి, జాబితాలో లేనిది పిల్లకి అందదు. నాలుగు: బ్యూటీషియన్ శిక్షణలో రసాయనాల భద్రత ఒక పాఠంగా పెట్టండి.

జుట్టు సాఫీ చేయించుకున్న ఆడవాళ్ళని తప్పుపట్టమని నేను అనడం లేదు. ఉద్యోగం కోసం, పెళ్ళి కోసం, సరదా కోసం, ఎవరి కారణాలు వాళ్ళకుంటాయి. పాత నియమం పోయి "సహజంగానే ఉండాలి" అనే కొత్త నియమం రాకూడదు. ఏం చేయించుకుంటున్నదీ, అందులో ఏముందీ తెలిసి, తన ఇష్టంతో చేయించుకోవాలి. అంతే నేను కోరేది.

ఆ పిల్ల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. నాలుగేళ్ళ తర్వాత ఆమె చెల్లెలు క్యాంపులో చేరింది. తీసుకొచ్చి దింపింది ఆ పిల్లే. అప్పటికి పదిహేనేళ్ళు, చేతులు పత్తి పనితో గరుకెక్కాయి. జుట్టు నడుము దాకా పెరిగింది, విరగబోసుకుని వచ్చింది. కావాలనే అలా వచ్చిందని నాకు అర్థమైంది. నేను క్షమించమని అడిగాను. ఆమె దానికి జవాబివ్వలేదు. చెల్లెలి తల మీద చేయి పెట్టి, "మేడం, దీని ఎంటికలు గూడ నా లెక్కనే ఉంటయి. ముట్టుకునే ముందు అడగాలె" అంది.

చెల్లెలు పదో తరగతి పాసైంది. అక్క చదువుకోలేదు. ఆ లెక్క నా దగ్గర అలాగే ఉంది. మీ దగ్గర అలాంటి లెక్క మిగలకూడదనే ఈ మధ్యాహ్నం మీ నిద్ర చెడగొట్టాను.

సెలవు.